సంఖ్య మారని సవరణ

సంగారెడ్డి జిల్లా జహీరాబాదు సమీపాన గల ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వరాలయం ప్రసిద్ధమైనది. అటువంటి ఆలయంలో పగిలిన రాతిని తొలగించి గట్టి రాతిని అమర్చినా ఆలయం పేరు మారదు. పేరు మాత్రమే చదివినవారికి ఆ మరమ్మతు సంగతి తెలియదు. కంప్యూటరు సాఫ్ట్‌వేర్ విషయంలోనూ ఇట్లే జరుగుతుంది.

సాఫ్ట్‌వేర్ ప్రతి విడుదలకూ ఒక వెర్షన్ సంఖ్య ఉంటుంది. భద్రతా లోపం బయటపడినప్పుడు దానిని రూపొందించినవారు లోపాన్ని సరిదిద్ది కొత్త సంఖ్యతో విడుదల చేస్తారు. అయితే కొత్త విడుదలలో ఇతర మార్పులు కూడా ఉండవచ్చు. వాటివల్ల సక్రమంగా నడుస్తున్న ప్రోగ్రాములు ఆగిపోయే ప్రమాదమున్నది. అందుచేత డెబియన్, రెడ్ హ్యాట్ వంటి లినక్స్ ఆపరేటింగ్ సిస్టంల నిర్వాహకులు లోపాన్ని తీర్చే భాగాన్ని మాత్రమే గ్రహించి పాత వెర్షన్‌లో చేరుస్తారు. దీనినే బ్యాక్‌పోర్టింగ్ అంటారు. మన దేశంలో సి-డాక్ రూపొందించిన బాస్ లినక్స్‌కు ఆధారం డెబియనే.

ఇందుకు హార్ట్‌బ్లీడ్ చక్కని ఉదాహరణ. అంతర్జాలంలో సమాచారాన్ని గోప్యంగా పంపేందుకు తోడ్పడే ఓపెన్ ఎస్.ఎస్.ఎల్.లోని ఈ లోపం 2014 ఏప్రిల్ 7న వెల్లడైనది. దీని ద్వారా దుండగులు ఒక్కొక్క పర్యాయం సర్వరు మెమరీ నుండి 64 కిలోబైట్ల వరకు సమాచారాన్ని దొంగిలించగలిగేవారు. 1.0.1 నుండి 1.0.1ఎఫ్ వరకు గల వెర్షన్లు లోపభూయిష్టమైనవి, 1.0.1జి సురక్షితమైనది. కాని డెబియన్ 7లో 1.0.1ఇ అనే పాత సంఖ్యే నిలిచింది. సవరణ జరిగిన పిదప ప్యాకేజీ పూర్తి సంఖ్య 1.0.1ఇ-2+డెబ్7యు5 అయినది. మార్పు తోకలో ఉన్నదే గాని తలలో లేదు.

తలను మాత్రమే చూసే తనిఖీ ప్రోగ్రాము సురక్షితమైన సర్వరును కూడా ప్రమాదకరమని ప్రకటిస్తుంది. దానిని నమ్మి, కంగారుతో ఆ ప్యాకేజీని తొలగించి వేరొక చోటినుండి తెచ్చిన వెర్షన్‌ను స్థాపించుకొన్నవారికి అటుపై ఆపరేటింగ్ సిస్టం సవరణలు వాటంతట అవి అందవు. దీనికి విపర్యయమూ కలదు. సవరించిన ప్యాకేజీని స్థాపించినా, నడుస్తున్న సర్వీసును ఆపి తిరిగి ప్రారంభించకపోతే మెమరీలో పాత ప్రోగ్రామే కొనసాగుతుంది. అప్పుడు సంఖ్య క్షేమమని చెబుతున్నా అపాయం తొలగదు.

కనుక పూర్తి ప్యాకేజీ సంఖ్యను, మార్పుల చిట్టాను పరిశీలించాలి. ప్రతి లోపానికీ ఇచ్చే సి.వి.ఇ. గుర్తింపు ఆ చిట్టాలో ఉన్నదో లేదో చూడాలి. హార్ట్‌బ్లీడ్‌కు ఆ గుర్తింపు 2014-0160. సంఖ్య ఒక సూచన మాత్రమే, పరిశీలనయే ప్రమాణం.