మొక్క నాటేది జూలైలో.. ఎండేది మేలో!

వనమహోత్సవం రోజున పల్లె బడిలో సందడి అంతా ఇంతా కాదు. గేటుకు మామిడాకుల తోరణం, ఆవరణలో ముగ్గులు, ముందురోజే వరుసగా తీసి ఉంచిన గుంతలు. వచ్చిన పెద్దలు తలా ఒక మొక్క పట్టుకుంటారు. పిల్లలు చెంబులతో నీళ్లు పోస్తారు. ఫొటోలు తీసుకుంటారు. మళ్లీ జూలై వస్తుంది. అవే గుంతలు, కొత్త మొక్కలు. పోయినేడు నాటినవి ఏమయ్యాయని అడిగేవారు ఉండరు. గుంతలు పాతవే కాబట్టి తవ్వకం కూలి మాత్రం కలిసొస్తుంది.

పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల్లోని పత్తి, మిరప పల్లెలకు ఈ తంతు కొత్త కాదు. వనమహోత్సవాన్ని 1950లో అప్పటి కేంద్ర ఆహార, వ్యవసాయ మంత్రి కె.ఎం.మున్షీ ప్రారంభించారు. అప్పటి నుంచి ఏటా వానలు పడగానే బడిపిల్లల చేత మొక్కలు నాటిస్తూనే ఉన్నారు. 2001లో జాతీయ హరితదళం పేరుతో బడుల్లో పర్యావరణ సంఘాలు పెట్టారు. రాష్ట్రంలో 2016లో ‘వనం-మనం’, 2020లో ‘జగనన్న పచ్చతోరణం’ వచ్చాయి. 2024 జూన్ 5న ప్రధాని అమ్మ పేరుతో ఒక మొక్క నాటాలని పిలుపునిచ్చారు. పేర్లు మారినా మొక్కకు కావలసింది మారలేదు. దానికి నీళ్లు కావాలి. అందులోనూ ఏప్రిల్, మే నెలల్లో కావాలి. సరిగ్గా అప్పుడే బడికి తాళం పడుతుంది.

బడి ఆవరణే ఎందుకు?

నరసరావుపేట నుంచి చిలకలూరిపేట, మార్టూరు మీదుగా అద్దంకి వైపు మాఘమాసం దాటాక వెళ్లిచూస్తే, కనుచూపుమేర ఎర్రటి మిరప కల్లాలు, పీకి కుప్పవేసిన పత్తికట్టె కనిపిస్తాయి. చెట్టు మాత్రం వెతుక్కోవాల్సిందే. 1967లో నాగార్జునసాగర్ కుడికాలువకు నీళ్లు వదిలాక మెట్టచేలు మాగాణి అయ్యాయి, వాణిజ్య పంటలు పెరిగాయి. చెట్టు నీడ పడిన మేర పైరు ఎదగదని గట్ల మీది తుమ్మలు, వేపలు కొట్టేశారు. ప్రకాశం వైపు పొగాకు బేరన్లు మరికొన్నిటిని మింగాయి. కిలో ఆకు క్యూరింగుకు దానికి నాలుగైదు రెట్ల బరువు కట్టె కాల్చాల్సి వచ్చేది.

కౌలు సంగతి చెప్పనక్కరలేదు. ఏడాదికోసారి చేను చేతులు మారే చోట, పదేళ్లకు గాని నీడనివ్వని మొక్కను కౌలురైతు ఎందుకు నాటుతాడు? చేను తనది కాదు, చెట్టు తనది కాదు. ఆసామి పట్నంలో ఉంటాడు. అందుకే ఊళ్లో మొక్క పెట్టడానికి మిగిలిన ఉమ్మడి నేల చెరువుకట్ట, శ్మశానం, రోడ్డు పక్క, బడి ఆవరణ. వీటిలో రోజూ మనిషి అలికిడి ఉండేది బడిలోనే.

నీడ విలువ తెలియాలంటే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిరప కోతకు వచ్చే కూలీలను అడగాలి. కర్నూలు వైపు నుంచి కుటుంబాలతో వలస వచ్చి, పగలంతా చేలో కోసి, పొద్దుగూకాక కల్లం పక్కన గుడారాల్లో తలదాచుకునేవారు వీరు. మధ్యాహ్నం అన్నం తినడానికి ట్రాక్టరు కిందికి దూరాల్సిందే. ఎండ అంటే చిన్న విషయం కాదు. 2015 మే నెల వడగాడ్పుల్లో రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఎక్కువ మరణాలు నమోదైన జిల్లాల్లో ప్రకాశం, గుంటూరు ఉన్నాయి.

రేగడి చేసే పని

ఎర్రనేలలో బతికినట్టు ఈ నల్లరేగడిలో మొక్క బతకదు. ఈ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. వాన పడినప్పుడు గుంతలో నీరు ఇంకక నిలిచిపోయి లేత వేరు కుళ్లుతుంది. వేసవిలో నేల బీటలు వారుతుంది. ఆ బీటల్లో చెయ్యి దూరుతుంది. బీట వారేటప్పుడు సన్నని వేళ్లు తెగిపోతాయి. లోపలి తేమ కూడా ఆ సందుల్లోంచే ఆవిరైపోతుంది. ఆగస్టులో నిగనిగలాడిన మొక్క మే నెలలో పుల్లగా మిగలడానికి ఎండ ఒక్కటే కారణం కాదన్నమాట.

దీనికి ఊళ్లో రైతుకు తెలియని విరుగుడేమీ లేదు. మిరపనారుకు, తోటకు చేసేదే. అడుగున్నర లోతు, అంతే వెడల్పు గుంత తీసి, తవ్విన మట్టిలో చివికిన పశువుల ఎరువు, కొంత ఇసుక కలిపి నింపాలి. చెదలు పట్టకుండా గుప్పెడు వేపచెక్క వేయాలి. వానాకాలంలో మొదలు చుట్టూ మట్టి ఎగదోసి నీరు నిలవకుండా చూడాలి. సంక్రాంతి దాటాక అదే మట్టిని వెనక్కి లాగి పాదు చేయాలి. పాదులో వరిగడ్డో, నరికిన పత్తికట్టో, ఎండుటాకులో కప్పితే తేమ నిలుస్తుంది, బీటలు తగ్గుతాయి. ఇంకొక మాట. నర్సరీ నుంచి తెచ్చిన పాలిథిన్ సంచి చింపకుండానే గుంతలో పెట్టి మట్టి పూడ్చే ఘనకార్యం ఇప్పటికీ జరుగుతోంది. హడావిడిలో వందల మొక్కలు నాటేటప్పుడు ఎవరు చూస్తారు? ఆ మొక్కకు వేరు సాగదు, ఎన్ని నీళ్లు పోసినా ఒకటే.

మేకల బెడద మరొకటి. ప్రహరీ లేని బడిలో మొక్కకు మూడు రోజుల ఆయుష్షు అనేవారు. 2019 నవంబరు 14న ఒంగోలులోని పురపాలక ఉన్నత పాఠశాలలో ప్రారంభమైన ‘నాడు-నేడు’ పనుల్లో ప్రహరీ గోడలు, నీటి వసతి కూడా ఉన్నాయి. పని పూర్తయిన బడుల్లో గోడ లేదన్న సాకు పోయింది. గోడ లేనిచోట తుమ్మకంప ఉండనే ఉంది. కంప కట్టడానికి ఖర్చు లేదు, కాకపోతే చేతులు గీరుకుంటాయి.

బిందెల లెక్క

బడి నడిచే రోజుల్లో నీళ్లకు లోటు లేదు. 2003 జనవరిలో రాష్ట్రంలో మధ్యాహ్న భోజనం మొదలైన నాటి నుంచి పిల్లలు రోజూ చేతులు, పళ్లాలు కడుగుతున్నారు. ఆ నీటిని సన్నని కాలువ తీసి పాదులకు మళ్లిస్తే చాలు. మార్చిలో ఒంటిపూట బడులు వచ్చినా భోజనం ఆగదు. ఆపై ఏప్రిల్ నాలుగో వారంలో సెలవులిస్తారు. తిరిగి తెరిచేది జూన్ 12న. అంటే ఏడు వారాలు. పళ్లెం కడిగేవారు ఉండరు, చెంబు పట్టేవారు ఉండరు. సాగర్ కాలువ కట్టేసి ఉంటుంది.

ఈ ఏడు వారాలకు ముందే లెక్క వేసుకోవాలి. మొక్కకు వారానికి రెండుసార్లు, ఒక్కో బిందె చొప్పున పోస్తే పద్నాలుగు బిందెలు. ఇరవై మొక్కలకు 280 బిందెలు. బడికి దగ్గరి ఇళ్ల పిల్లలు పదిమంది వంతులు వేసుకుంటే తలకు 28 బిందెలు వస్తాయి. ఇది జరిగే పని. అదే రెండొందల మొక్కలు నాటితే 2,800 బిందెలు. ఎవరు మోస్తారు? జూలైలో సంఖ్య కోసం నాటిన రెండొందలూ మేలో కలిసికట్టుగా ఎండుతాయి.

పెద్ద సంఖ్య మోజు లేకుండా మొదలుపెట్టినవారే చెట్లు పెంచారు. కర్ణాటకలో హులికల్ గ్రామానికి చెందిన సాలుమరద తిమ్మక్క బడికి వెళ్లని కూలిమనిషి. భర్తతో కలిసి రోడ్డు పక్కన మొదటి ఏడాది పది మర్రి మొక్కలు పెట్టింది. మరుసటేడు పదిహేను, ఆపై ఇరవై. బిందెలతో నీళ్లు మోసి, కంప కట్టి, చివరకు 385 మర్రిచెట్లను నిలబెట్టింది. 2019లో పద్మశ్రీ ఇచ్చారు. 2025 నవంబరులో ఆమె కన్నుమూసినా, ఆ రోడ్డున పోయేవారికి నీడ ఉంది. ఆఫ్రికాలోని కెన్యాలో వంగారి మథాయ్ అనే ఆమె 1977లో ఆడవాళ్లతో మొక్కల ఉద్యమం నడిపినప్పుడు, బతికిన మొక్క లెక్కనే వారికి చిన్న మొత్తం ముట్టజెప్పేవారు. ఆమెకు 2004లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. పక్కనున్న తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని నిబంధన పెట్టింది. మన ఊళ్లలోనూ ఉపాధి హామీ పనుల్లో రోడ్ల పక్క మొక్కలకు నీళ్లు పోసినవారికి కూలి చెల్లించారు. బడి మొక్కకు మాత్రం వేసవిలో యజమాని ఎవరో తేల్చలేదు. పంతులుగారు సెలవులో సొంతూరు వెళతారు, పంచాయతీ అది బడిదంటుంది. పంచాయతీ ట్యాంకరు వారానికి రెండుసార్లు బడిగేటు దగ్గర ఆగేలా ఏప్రిల్‌లోనే తీర్మానం చేయించుకుంటే సగం చిక్కు తీరుతుంది. మిగతా సగం తల్లిదండ్రుల కమిటీ చూసుకోవాలి. వంటచేసే ఆమె చేత ఊరికే చేయించుకోవడం మాత్రం న్యాయం కాదు.

ఏ చెట్టు?

త్వరగా పెరిగి పచ్చగా కనబడుతుందని కొన్నేళ్లుగా కోనోకార్పస్ మొక్క తెగ నాటారు. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడం నిషేధించింది.  సుబాబుల్ కాగితం మిల్లుకు అమ్మే రైతుకు సరే, బడిలో వేస్తే దాని గింజ ఊరంతా మొలుస్తుంది. రేగడికి కానుగ మేలు. మేకలు అంతగా ముట్టవు, వేసవిలోనే కొత్త చిగురు వేసి చిక్కటి నీడనిస్తుంది. నీరు నిలిచే మూల ఉంటే నేరేడు పెట్టవచ్చు. తక్కినదంతా వేప.

వేపను నీడ కోసమే అనుకోరాదు. పత్తి పురుగు ఈ జిల్లాలను ఏం చేసిందో పెద్దవాళ్లకు గుర్తుంది. 1987-88లో శనగపచ్చ పురుగు మందులకు లొంగక, అప్పులు తీరక, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ తర్వాతే వేపగింజల కషాయం మాట పల్లెల్లో గట్టిగా వినబడింది. ఐదు కిలోల గింజల పొడిని గుడ్డలో మూటకట్టి రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పిండి, వడగట్టి, కొంచెం సబ్బుపొడి కలిపి నూరు లీటర్లు చేసుకుని సాయంత్రం వేళ చల్లాలి. పురుగు గుడ్డు మీదో, పిల్ల దశలోనో ఉన్నప్పుడే పనిచేస్తుంది. ముదిరాక చల్లి లాభం లేదు. ఖమ్మం వైపు పాల్వంచ దగ్గరి పునుకుల అనే ఊరు, అదీ పత్తి, మిరప ఊరే, ఈ దారిన నడిచి 2004 నాటికి పురుగుమందు లేని ఊరని చెప్పుకుంది. అక్కడి మహిళా సంఘాలు వేపగింజలు సేకరించి, పొడి కొట్టి అమ్మి సంపాదించుకున్నాయి.

బడిలో పది వేపలు ఎదిగితే నాలుగైదేళ్లకు కాపు మొదలవుతుంది. ఆ గింజ ఊరి చేలకు పనికొస్తుంది. అమ్మితే వచ్చే డబ్బు మరుసటి వేసవి నీళ్ల ఖర్చుకు వస్తుంది.

నర్సరీ మీదే ఆధారపడనక్కరలేదు. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లికి చెందిన వనజీవి రామయ్య గింజలు ఏరి సైకిలు మీద తిరుగుతూ చెట్లు మొలిపించారు. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది, 2025 ఏప్రిల్‌లో మరణించారు. వేపపండ్లు మే చివరి నుంచి జూలై దాకా రాలుతాయి. గుజ్జు కడిగి, గింజలు నీడన ఆరబెట్టి, మట్టి, ఇసుక, ఎరువు కలిపిన సంచుల్లో వేస్తే రెండు మూడు వారాల్లో మొలకలొస్తాయి. వచ్చే ఏడు జూలైకి నాటడానికి వీలుగా ఎదుగుతాయి. గింజ నిల్వ ఆగదు. రాలిన కొద్ది వారాల్లోనే మొలిచే శక్తి పోతుంది కాబట్టి, జూన్ 12న బడి తెరిచిన వారంలోనే పిల్లలను సంచులిచ్చి చెట్ల కిందికి పంపాలి.