ఎనిమిదేళ్ల తర్వాత మోగిన ఫోను

1996వ సంవత్సరం. లండన్‌లో ఒక ఇంటి గుమ్మం ముందు డెస్మండ్ అనే సైనికుడు నిలబడి ఉన్నాడు. తలుపు తీసిన అమ్మాయి పెనీ. ఒకప్పుడు ఆమెను కాదనుకుని వెళ్లిపోయింది అతనే. ఇప్పుడు వచ్చి ఫోన్ నంబరు ఇమ్మని బతిమాలుతున్నాడు. ఇవాళ చెయ్యడట, రేపు కూడా చెయ్యడట. ఎనిమిదేళ్లు ఆగి 2004 డిసెంబర్ 24న చేస్తాడట, ఆ రోజు ఆమె ఫోను ఎత్తాలట. పిచ్చిపట్టిందనుకుని, వదిలించుకోవడానికి ఆమె నంబరు చెబుతుంది. అతని దగ్గర రాసుకోవడానికి కాగితం లేదు. ఉన్నా లాభం లేదు. ఆ నంబరు అందాల్సింది ఎనిమిదేళ్ల అవతల, సముద్రం మధ్య ఓడలో, ముక్కు నుంచి రక్తం కారుతూ కూర్చున్న ఇదే డెస్మండ్‌కి. అక్కడికి కాగితం రాదు, జ్ఞాపకం ఒక్కటే వస్తుంది.

అమెరికాలోని ఏబీసీ చానెల్‌లో వచ్చిన 'లాస్ట్' సీరియల్ నాలుగో సీజన్‌లో ఐదో ఎపిసోడ్ ఇది. పేరు 'ద కాన్‌స్టంట్'. మన పాఠ్యపుస్తకాల మాటలో 'స్థిరాంకం'. 2008 ఫిబ్రవరి 28న ప్రసారమైంది. రాసింది డేమన్ లిండెలాఫ్, కార్ల్‌టన్ క్యూస్. దర్శకుడు జాక్ బెండర్. డెస్మండ్‌గా హెన్రీ ఇయాన్ క్యూసిక్, పెనీగా సోన్యా వాల్గర్ నటించారు.

కాలయానం అనగానే తెలుగువాళ్లకి 'ఆదిత్య 369' గుర్తొస్తుంది. అందులో మనుషులు యంత్రం ఎక్కి, ఒంటితో సహా శ్రీకృష్ణదేవరాయల కాలానికి వెళతారు. ఈ ఎపిసోడ్‌లో ఎక్కడానికి యంత్రం లేదు. ఒళ్లు ఎక్కడిది అక్కడే ఉంటుంది, స్పృహ ఒక్కటే రెండు కాలాల మధ్య ఊగుతుంటుంది. 1996లో స్కాట్లండ్ సైనిక శిబిరంలో ఉన్న డెస్మండ్ కళ్లు మూసి తెరిస్తే 2004లో హెలికాప్టర్‌లో ఉంటాడు. పక్కన కూర్చున్నవాళ్లు ఎవరో తెలియదు. మళ్లీ రెప్ప వేస్తే శిబిరం. ఈ ఊగులాట ఆగకపోతే మెదడు తట్టుకోలేక చనిపోతాడు. హెలికాప్టర్ దిగిన ఓడలో రేడియో చూసుకునే మింకోవ్‌స్కీ అలాగే డెస్మండ్ కళ్ల ముందే ప్రాణం విడుస్తాడు.

మింకోవ్‌స్కీ అన్న పేరు ఊరికే పెట్టింది కాదు. హెర్మన్ మింకోవ్‌స్కీ ఐన్‌స్టైన్‌కి పాఠం చెప్పిన గణితశాస్త్రవేత్త. 1908 సెప్టెంబర్‌లో జర్మనీలోని కొలోన్ నగరంలో ఇచ్చిన ఉపన్యాసంలో, స్థలాన్నీ కాలాన్నీ ఇక విడివిడిగా చూడకూడదని, రెండూ కలిసిన నాలుగు పరిమాణాల స్థలకాలమే అసలైనదని ప్రకటించాడు. మరుసటి జనవరిలో, 44 ఏళ్లకే కన్నుమూశాడు.

ఆ స్థలకాలానికి పునాది ఒక స్థిరాంకం. శూన్యంలో కాంతి వేగం సెకనుకు 29,97,92,458 మీటర్లు. మీరు దీపం వైపు పరిగెత్తినా, దీపానికి దూరంగా పరిగెత్తినా కొలిస్తే వచ్చేది ఇదే అంకె. ఇంట్లో ఒక మనిషి తన పద్ధతి మార్చుకోనని పట్టుపడితే మిగతావాళ్లే సర్దుకోవాలి కదా. ప్రకృతిలోనూ అదే జరుగుతుంది. కాంతి వేగం మారదు కనుక కాలం సాగుతుంది, పొడవు కుదించుకుపోతుంది.

కాలం సాగడాన్ని గడియారంతోనే పట్టుకున్నారు. 1971 అక్టోబర్‌లో జోసెఫ్ హాఫెలే, రిచర్డ్ కీటింగ్ సీజియం పరమాణు గడియారాలను మామూలు ప్రయాణికుల విమానాల్లో పెట్టుకుని, ఒకసారి తూర్పుగా, ఒకసారి పడమరగా భూమిని చుట్టి వచ్చారు. నేల మీది గడియారంతో పోలిస్తే తూర్పుకు వెళ్లినవి దాదాపు 59 నానోసెకన్లు వెనకబడ్డాయి, పడమరకు వెళ్లినవి 273 నానోసెకన్లు ముందున్నాయి. నానోసెకను అంటే సెకనులో వంద కోట్ల వంతు. ఇంత చిన్న తేడా మనకెందుకు అనిపించవచ్చు. మీ ఫోన్‌లో దారి చూపించే జీపీఎస్ ఉపగ్రహాల గడియారాలు వేగం వల్ల కొంత తగ్గి, భూమి ఆకర్షణ తక్కువగా ఉండే ఎత్తు వల్ల ఇంకా ఎక్కువ పెరిగి, మొత్తం మీద రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. ఆ లెక్క సరిచెయ్యకపోతే ఒక్క రోజులోనే దారి కిలోమీటర్ల కొద్దీ తప్పుతుంది.

అంటే భవిష్యత్తులోకి ప్రయాణం ఉంది, జరుగుతూనే ఉంది. మన భాగవతం నవమ స్కంధంలో రైవతుడు కూతురు రేవతికి వరుడు ఎవరో అడగడానికి ఆమెను వెంటబెట్టుకుని బ్రహ్మ దగ్గరికి వెళతాడు. అక్కడ కొద్దిసేపు ఆగేలోగా భూమి మీద 27 మహాయుగాలు గడిచిపోతాయి. అది కథ. దాన్ని సాపేక్ష సిద్ధాంతంగా చూపడం కథకీ సిద్ధాంతానికీ కూడా న్యాయం కాదు. కాకపోతే అక్కడి కాలం వేరు, ఇక్కడి కాలం వేరు అన్న ఊహ మన చెవికి కొత్త కాదు.

వెనక్కి వెళ్లడమే చిక్కు. 1949లో గణితశాస్త్రవేత్త కర్ట్ గోడెల్ ఐన్‌స్టైన్ సమీకరణాలకే ఒక వింత పరిష్కారం చూపించాడు. విశ్వమంతా గిరగిరా తిరుగుతుంటే, ముందుకే నడిచిన మనిషి చుట్టు తిరిగి తన గతంలోకే చేరతాడు. మన విశ్వం అలా తిరుగుతున్న జాడ లేదు. 1988లో భౌతిక శాస్త్రవేత్త కిప్ థోర్న్, ఆయన సహచరులు స్థలకాలంలో సొరంగాల గురించి లెక్కలు వేశారు. అవి మూసుకుపోకుండా ఉండాలంటే రుణశక్తి, అంటే సున్నా కంటే తక్కువ శక్తి, కావాలి. అంత రుణశక్తిని పోగుచేసే దారి ఎవరికీ తెలియదు. గతంలోకి పోవడాన్ని ప్రకృతే అడ్డుకుంటుందని 1992లో స్టీఫెన్ హాకింగ్ ప్రతిపాదించాడు. నాకు హాకింగ్ వైపే మొగ్గు.

ఈ ఎపిసోడ్‌లో భౌతికశాస్త్రానికి ఎక్కువ పని పెట్టే సన్నివేశం ఒకటి ఉంది. 2004లో ఉన్న భౌతిక శాస్త్రవేత్త డేనియల్ ఫారడే ఫోన్‌లో డెస్మండ్‌తో, 1996లోకి వెళ్లగానే ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న తనను కలవమంటాడు. తన పాత నోటు పుస్తకం చూసి రెండు అంకెలు చెప్పమంటాడు: 2.342, 11 హెర్ట్జ్. 1996 ఫారడే తన పరికరాన్ని ఆ అంకెలకు తిప్పగానే అంతవరకూ పనిచెయ్యని ప్రయోగం పనిచేస్తుంది. మరి ఆ అంకెలు కనిపెట్టింది ఎవరు? 2004 ఫారడేకి నోటు పుస్తకం చెప్పింది, 1996 ఫారడేకి డెస్మండ్ చెప్పాడు. ఇద్దరిలో ఒక్కరూ లెక్క కట్టలేదు. విత్తు లేకుండానే చెట్టు మొలిచింది. గతంలోకి వెళ్లినా జరిగినదాన్ని మార్చలేమని భౌతిక శాస్త్రవేత్త ఇగోర్ నోవికోవ్ చెప్పిన నియమం ప్రకారం ఇందులో వైరుధ్యం లేదు, ఎందుకంటే జరిగినదేదీ మారలేదు. ఎవరూ కష్టపడకుండా జ్ఞానం పుట్టుకురావడం మాత్రం శాస్త్రం చేసేవాళ్లకు మింగుడుపడని సంగతి. డేవిడ్ డాయిచ్ అనే ఆక్స్‌ఫర్డ్ భౌతిక శాస్త్రవేత్త కాలయానంలో అసలైన ఇబ్బంది ఇదేనన్నాడు.

ఇక ఆ ప్రయోగం. ఫారడే ఎలోయీజ్ అనే ఎలుకను కిరణాల ముందు పెట్టి, తర్వాత చిక్కుదారుల పెట్టెలో వదులుతాడు. అది ఒక్క మలుపు తప్పకుండా చివరికంటా పరిగెడుతుంది. ఆ దారి దానికి ఇంకా నేర్పలేదు, మరో గంటలో నేర్పబోతున్నానంటాడు ఫారడే.

ఈ ఎపిసోడ్ ప్రసారానికి కొద్ది నెలల ముందే, 2007లో, మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆడమ్ జాన్సన్, డేవిడ్ రెడిష్ నిజం ఎలుకలతో చేసిన ప్రయోగం ఫలితాలు అచ్చయ్యాయి. ఎలుక మెదడులో హిప్పోకాంపస్ అనే భాగం ఉంది, మనకూ ఉంది. అందులోని కొన్ని కణాలు ఒక్కొక్కటి ఒక్కో చోటుకు కేటాయించినట్టు పనిచేస్తాయి. ఎలుక ఈ మూలకు వస్తే ఈ కణం, ఆ మూలకు వస్తే ఆ కణం. జాన్ ఓకీఫ్ 1971లో వెల్లడించిన ఈ సంగతికి 2014లో నోబెల్ వచ్చింది. జాన్సన్, రెడిష్ చూసింది దారి చీలే చోట. అక్కడికి వచ్చిన ఎలుక ఒక్క క్షణం ఆగుతుంది. తల అటు తిప్పుతుంది, ఇటు తిప్పుతుంది. కాళ్లు కదలవు. ఆ క్షణంలోనే మెదడులో ముందున్న దారి తాలూకు కణాలు వరుసగా వెలుగుతాయి, ముందు ఒక పాయ వెంట, తర్వాత రెండో పాయ వెంట. ఇంకా అడుగు పెట్టని చోటికి ఎలుక లోపల వెళ్లి వస్తోందన్నమాట. ఎలోయీజ్‌కి కిరణాలు కావలసి వచ్చాయి. మామూలు ఎలుకకి ఆ అవసరమే లేదు.

మనుషుల విషయంలో దీనికి 'మానసిక కాలయానం' అని పేరుపెట్టింది కెనడాలో పనిచేసిన మనోవిజ్ఞాని ఎండెల్ టుల్వింగ్. 1981లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో మెదడు దెబ్బతిన్న ఒక వ్యక్తిని ఆయన ఏళ్ల తరబడి పరిశీలించాడు. శాస్త్ర గ్రంథాలు అతన్ని కె.సి. అంటాయి. తన జీవితంలో జరిగిన ఒక్క సంఘటన కూడా అతనికి గుర్తు లేదు. టుల్వింగ్‌ను ఆకట్టుకున్నది మరో సంగతి. రేపు ఏం చేస్తావని అడిగితే కూడా అతని దగ్గర జవాబు లేదు. నిన్న ఎలా ఖాళీయో రేపూ అలాగే ఖాళీ. 2007లో లండన్‌లో డెమిస్ హసాబిస్, ఎలినార్ మగ్వయర్ బృందం హిప్పోకాంపస్ దెబ్బతిన్నవారిని ఇసుక తీరంలో పడుకున్నట్టు ఊహించుకోమన్నారు. వారిలో చాలామందికి దృశ్యం కుదరలేదు, ముక్కలు ముక్కలుగానే వచ్చింది. జ్ఞాపకానికీ ఊహకీ మెదడులో చాలావరకు ఒకే యంత్రాంగం. గతంలోకి పోయే దారి మూసుకుపోతే చాలామందిలో భవిష్యత్తులోకి పోయే దారీ మూసుకుపోతుంది.

డెస్మండ్ లాంటి మనిషి నిజంగా ఉంటే ఎలా ఉంటాడో తెలుసుకోవాలంటే క్లైవ్ వేరింగ్ గురించి చదవాలి. బ్రిటన్‌లో ప్రాచీన సంగీతానికి పేరున్న పండితుడు, గాయక బృందాల నిర్వాహకుడు, బీబీసీ రేడియోలో పనిచేసినవాడు. 1985 మార్చిలో హెర్పిస్ వైరస్ మెదడుకు పాకి అతని హిప్పోకాంపస్‌ను రెండు వైపులా నాశనం చేసింది. అప్పటినుంచి కొత్తగా ఏదీ కొన్ని సెకన్లకు మించి నిలవలేదు. ప్రతి కొద్ది నిమిషాలకూ తాను ఇప్పుడే, మొట్టమొదటిసారిగా మేలుకున్నానని అనుకునేవాడు. డైరీలో గంటా నిమిషం వేసి అదే రాసేవాడు. కాసేపటికి పైన ఉన్న అలాంటి వాక్యం కనబడితే, తాను రాయలేదనుకుని కొట్టేసి, కింద మళ్లీ అదే రాసేవాడు. పేజీలకు పేజీలు ఆ కొట్టివేతలే.

భార్య డెబొరా గదిలోకి వచ్చినప్పుడు మాత్రం లేచి పరుగున వెళ్లి కావలించుకునేవాడు. ఎన్నో ఏళ్లు విడిపోయి ఇప్పుడే కలిసినంత సంతోషం. ఆమె బయటికి వెళ్లి రెండు నిమిషాల్లో తిరిగొస్తే మళ్లీ అదే పరుగు, అదే కౌగిలి. జబ్బు వచ్చేటప్పటికి వారి పెళ్లై రెండేళ్లు కూడా నిండలేదు. ఆ పెళ్లి రోజు అతనికి గుర్తు లేదు, ఆమెను ప్రేమించడం మాత్రం మర్చిపోలేదు. ముందు కూర్చోబెడితే పియానో వాయించగలిగేవాడు, బృందాన్ని నడిపించగలిగేవాడు. సంఘటనలను దాచుకునే చోటు వేరు, చేతికి పట్టుబడిన విద్య, మనిషి మీది మమకారం నిలిచే చోట్లు వేరు అని ఈ ఒక్క జీవితం వైద్యులకు స్పష్టంగా చూపించింది.

ఫారడే డెస్మండ్‌కి చెప్పే మందు కూడా అలా నిలిచే మమకారమే. రెండు కాలాల్లోనూ ఉన్నది, రెండు చోట్లా నీకు కావలసినది ఏదో ఒకటి పట్టుకో, అదే నీ స్థిరాంకం అంటాడు. డెస్మండ్ పెనీ పేరు చెబుతాడు. గణిత సమీకరణంలో అక్షరాలన్నీ మారుతుంటే మారని అంకె ఏం చేస్తుందో, ఆ పని ఒక మనిషి చెయ్యగలదని రచయితలు నమ్మారు. నేనూ నమ్ముతాను. న్యూయార్క్‌లో బియాంకా అసెవెడో, ఆర్థర్ ఏరన్, హెలెన్ ఫిషర్ బృందం పెళ్లై సగటున 21 ఏళ్లు గడిచినా భాగస్వామి మీద గాఢమైన ప్రేమ ఉందని చెప్పిన 17 మందిని స్కానర్‌లో పెట్టి, వారి భాగస్వాముల ఫొటోలు చూపించింది. కొత్తగా ప్రేమలో పడ్డవారిలో చురుకయ్యే డోపమైన్ కేంద్రాలే వీరిలోనూ చురుకయ్యాయి. 17 మంది అంటే చిన్న లెక్కే. పైగా వాళ్లు ఏరి తీసుకున్నవాళ్లు. అందరి పెళ్లిళ్లూ ఇలాగే ఉంటాయని దీనితో తేల్చలేం, ఇలా ఉండటం సాధ్యమేనని మాత్రం తేలింది.

2004 డిసెంబర్ 24. ఓడలో పాడైపోయిన రేడియో గది. హెలికాప్టర్‌లో పక్కన కూర్చున్నవాళ్లలో ఒకడైన సయీద్ తీగలు కలిపి, కొద్ది నిమిషాలే నడిచే బ్యాటరీతో ఫోను సిద్ధం చేస్తాడు. డెస్మండ్‌కి అతనెవరో కూడా తెలియదు. 1996లో గుమ్మం దగ్గర విన్న నంబరు నొక్కుతాడు. అవతల మోగుతుంది. క్రిస్మస్ చెట్టు పక్కనున్న ఫోను పెనీ ఎత్తుతుంది. ఆ గొంతు వినగానే అతని తల నిలకడకు వస్తుంది. పక్కనున్న సయీద్‌ని పేరు పెట్టి పిలుస్తాడు.

'లాస్ట్' ముందు సీజన్లు చూడకపోయినా ఈ ఒక్క ఎపిసోడ్ అర్థమవుతుంది. చూసేటప్పుడు ఎలుక సన్నివేశం దగ్గర ఒక్క నిమిషం ఆపి, మిన్నెసోటా ఎలుక దారి చీలిన చోట తల అటూ ఇటూ తిప్పడం తలుచుకోండి. తర్వాత ఫోను దాకా చూడండి. ఆ ఫోను దగ్గర క్లైవ్, డెబొరానూ తలుచుకోండి. వాళ్లిద్దరూ ఒక దశలో విడాకులు తీసుకున్నారు. ఆమె న్యూయార్క్‌కి వెళ్లి బతుకు మళ్లీ మొదలుపెట్టాలని చూసింది, ఉండలేక తిరిగొచ్చింది. 2002లో ఇద్దరూ పెళ్లి ప్రమాణాలు మళ్లీ చేసుకున్నారు.