పిస్తోలు గొట్టము - గురి

గొట్టము పొడవైన కొలది పిస్తోలు గురి తప్పదని పలువురి నమ్మకము. ఇందు సగమే నిజము. పొడవు వలన తూటాకు వేగము హెచ్చును. కాని చక్కగా చేసిన పొట్టి గొట్టమును కదలకుండ బిగించి కాల్చినచో, తూటాలు అంత దగ్గరగానే తగులగలవు.

భేదము చేతబట్టి గురి చూచునపుడు వచ్చును. వెనుకనున్న గాడిని, గొట్టము కొసనున్న మొనను మనము ఒక్క వరుసకు తెత్తుము. ఆ రెంటి నడుమ 110 మిల్లీమీటర్లున్నచో, మొన ఒక్క మిల్లీమీటరు తొలగినను 25 మీటర్ల దూరమున తూటా సుమారు 227 మిల్లీమీటర్లు తప్పును. 220 ఉన్నచో 114 మాత్రమే. అంతర్జాతీయ షూటింగు సమాఖ్య 25 మీటర్ల పోటీలకు ఈ దూరమును 220 మిల్లీమీటర్లకును, గొట్టమును 153 మిల్లీమీటర్లకును మించరాదన్నది. 2012 లండన్ ఒలింపిక్సున విజయ్ కుమార్ రజతము గెలిచినది 25 మీటర్ల పోటీలోనే.

పొడవు గొట్టము కంటి పొరపాటును తగ్గించును గాని, మీట నొక్కు వ్రేలి తొందరను సరిదిద్దజాలదు.