పట్టా అతుకు కథ

హైదరాబాదు నగరపు ఎండను, చలిని కొలిచి లెక్కగట్టు వాతావరణ కేంద్రము బేగంపేట విమానాశ్రయమున నున్నది. ఈ నగరమున నమోదైన అత్యధికోష్ణోగ్రత 1966 జూన్ 2వ తేదీన 45.5 డిగ్రీలు, అత్యల్పోష్ణోగ్రత 1946 జనవరి 8వ తేదీన 6.1 డిగ్రీలు. గాలిలోని ఈ అంతరము మనకు చెమటగను, వణుకుగను అనుభవమునకు వచ్చును. కాని ఆ విమానాశ్రయమునకు చేరువనే బేగంపేట, అమీర్‌పేటల ప్రక్కగా సాగిపోవు రైలుపట్టాలకు ఇది మరింత కఠినమైన పరీక్ష. నీడ యెరుగక పగలంతయు ఎండలో పడియుండు ఉక్కు, మధ్యాహ్నవేళ గాలికన్న ఇరువది డిగ్రీలవరకు అధికముగా వేడెక్కును గనుక, పుష్యమాసపు తెల్లవారుజామునకును వైశాఖపు అపరాహ్ణమునకును నడుమ పట్టా సహింపవలసిన మార్పు 50 డిగ్రీలకు తక్కువ యుండదు.

ఉక్కు ఒక డిగ్రీ వేడికి తన నిడివిలో లక్షవ వంతుకన్న కొంచెము హెచ్చుగా పెరుగును. ఇది చూపునకు లెక్కలోనిది కాదు. అయితే మన బ్రాడ్‌గేజి మార్గములలో చిరకాలముగా వాడుకలో నున్న 13 మీటర్ల పట్టా 50 డిగ్రీల మార్పునకు ఏడున్నర మిల్లీమీటర్లు సాగును. ఒక కిలోమీటరు పొడవున ఈ సాగుదలలన్నియు కూడిన 57 సెంటీమీటర్లు దాటును. ఈ పెరుగుదలకు చోటు చూపనిచో పట్టా ప్రక్కకు వంగి పాములాగున మెలికలు తిరుగును. ఆ మెలికపైకి వచ్చిన బండి పట్టాలపై నిలువజాలదు. పట్టాకును పట్టాకును నడుమ చిన్న సందు విడిచిపెట్టుట ఈ కారణముననే. తెలియనివారికి అది పనిలోని లోపముగా తోచినను, వాస్తవమునకు అది యోచించి చేసిన చికిత్స.

సందు విడుచుట సులభమే. సందు విడిచిన చోట పట్టాల కొనలు రెండును ఒకే మట్టమున, ఒకే వరుసలో నిలుచునట్లు చేయుట కష్టము. రైలు పుట్టిన తొలినాళ్లలో ఆ కొనలను ఇనుప కుర్చీలలో కూర్చుండబెట్టి మేకులతో బిగించెడివారు. చక్రము దాటినప్పుడెల్ల ఒక కొన క్రుంగి రెండవ కొన పైకి లేచి, చక్రము దానిని మొత్తి, క్రమముగా ఇనుమంతయు నలిగిపోయెడిది. లండను నగరపు తూర్పుభాగమున కర్మాగారము నడపిన విలియం బ్రిడ్జెస్ ఆడమ్స్ అను ఇంజనీరు, రాబర్ట్ రిచర్డ్‌సన్‌తో కలిసి దీనికి విరుగుడు కనిపెట్టి 1847లో పేటెంటు పొందెను. పట్టా నడుమునకు ఇరువైపుల రెండు ఇనుప బద్దలను చేర్చుటయే ఆ యుపాయము. వానిని అడ్డముగా బోల్టులు దూర్చి బిగించుట పిదప వాడుకలోనికి వచ్చెను. ఆ బద్దలే నేటి ఫిష్‌ప్లేట్లు. బోల్టు మందముకన్న రంధ్రమును కొంచెము పెద్దదిగా తొలుచుటలో ఆ నిర్మాణపు మర్మమంతయు నున్నది: పట్టా నిలువునను ప్రక్కకును కదలరాదు, పొడవున మాత్రము కదలవలయును. పట్టి యుంచుట, విడిచిపెట్టుట యను పరస్పర విరుద్ధములైన రెండు పనులను ఒక్క బద్దచే చేయించిన ఆ బుద్ధికి నేను నమస్కరింతును.

ఇక మన నగరపు దారి సంగతి. సాలార్‌జంగ్ దివానుగా నున్న కాలమున నిజాము ప్రభుత్వ ధనముతో నిర్మింపబడి, సికిందరాబాదును వాడి జంక్షనుతో కలుపుచు 1874లో ఆరంభమైన మార్గమే నేడు బేగంపేట మీదుగా పోవుచున్నది. 2003 ఆగస్టు 9న మొదలైన ఎమ్.ఎమ్.టి.ఎస్. బండ్లును ఆ దారినే నడచుచున్నవి. పాత అతుకుల దారిలో ప్రయాణించినవారి చెవులకు ఆ టకటక చప్పుడు నేటికిని పరిచితమే. 13 మీటర్ల పట్టాల మార్గమున, చక్రముల జంటచప్పుడును ఒక్కటిగా లెక్కించి, 47 సెకండ్లలో ఎన్ని వినబడునో బండి గంటకు సుమారు అన్ని కిలోమీటర్ల వేగమున పోవుచున్నదని పిల్లలుకూడ చెప్పవచ్చును.

చెవికి ఇంపైన ఆ చప్పుడు పట్టాకు మాత్రము దెబ్బయే. రంధ్రములు తొలిచిన చోట ఉక్కు బలము తగ్గును. దెబ్బ పడునదియు అచ్చటనే. కావున బోల్టు రంధ్రముల చుట్టును నక్షత్రాకారమున సన్నని బీటలు పుట్టును. ఫిష్‌ప్లేటు కప్పియుండుటచే అవి పైకి కనబడవు. ఇందువలన ఏటేట ఎండలు తగ్గిన నెలలలో, బండ్ల రాకపోకలకు తగిన రక్షణ యేర్పరచుకొని, గ్యాంగ్‌మన్లు నట్లు విప్పి, బద్దలు ఊడదీసి, తుప్పును తీగల బ్రష్షుతో గీకి, రంధ్రముల అంచులను అద్దమును భూతద్దమును పట్టి పరీక్షించి, గ్రాఫైటును కిరసనాయిలుతో కలిపిన నల్లని ముద్దను పూసి, మరల బద్దలు చేర్చి, మొదట నడిమి బోల్టులు రెంటిని, పిదప కొనలవానిని బిగింతురు. ఆ ముద్ద ఆరిపోయి బద్ద తుప్పుతో పట్టాకు అంటుకొనిపోయెనా, సందు ఉన్నను లేనట్లే. వేసవిలో పట్టా కదలజాలక వంగును. ఇక బోల్టులు వదులైన ఫలమును ఫ్రాన్సు దేశము 2013 జూలై 12న చూచినది. పారిస్ సమీపమున బ్రెతిన్యీ స్టేషనులో ఒక ఫిష్‌ప్లేటు ఊడి, తిరిగి, పట్టాలు ఒకదానినొకటి దాటు క్రాసింగులో పడగా, వేగముగా వచ్చుచున్న బండి పట్టాలు తప్పి ఏడుగురు మరణించిరి.

ఈ బాధలన్నియు అతుకుతో వచ్చినవి గనుక అతుకునే తొలగించుట మేలని ఇంజనీర్లు తలచిరి. అల్యూమినియం పొడిని ఐరన్ ఆక్సైడుతో కలిపి మండించిన కరిగిన లోహము జాలువారునని జర్మనీ దేశీయుడగు హాన్స్ గోల్డ్‌ష్మిట్ కనిపెట్టి 1895లో పేటెంటు పొందగా, 1899లో ఎస్సెన్ నగరపు ట్రాము పట్టాలను ఆ విధమున అతికిరి. ఇట్లు వెల్డింగు చేసిన పట్టాలు నేడు కిలోమీటర్ల కొలది ఏకఖండముగా సాగుచున్నవి.

అయితే సందు పోయినను ఎండ పోలేదు. సాగుటకు వీలు లేని ఉక్కు తన వ్యాకోచమును లోలోపల బలముగా మార్చుకొనును. ప్రధాన మార్గములలో నేడు పరచు, మీటరుకు 60 కిలోల బరువు గల పట్టాలో ఒక్క డిగ్రీకి సుమారు 1.86 టన్నుల బలము పుట్టును. బిగించిన నాటి ఉష్ణోగ్రతకన్న 30 డిగ్రీలు హెచ్చిన, ఒక్కొక్క పట్టాలో సుమారు 56 టన్నుల ఒత్తిడి దాగియుండునన్నమాట. అంతే తగ్గినచో అదే బలము పట్టాను ఇరువైపులకు లాగి, వెల్డింగు బలహీనముగా నున్నచోట తెంపివేయును. ఆ ఒత్తిడిని ఆపునది పట్టాల క్రింద అడ్డముగా పరచిన కాంక్రీటు స్లీపర్లు, వాని చుట్టును పోసిన కంకర. కంకర పట్టు వలన నడిమి భాగమంతయు కదలక నిలిచి, ఇరుకొనల నూరేసి మీటర్లు మాత్రమే కదలును. ఆ కొనలయందు ప్రత్యేకమైన విస్తరణ అతుకులను అమర్తురు. పట్టా బిగించు ఉష్ణోగ్రతను ఇంజనీర్లు అంత జాగ్రత్తతో నిర్ణయించుటయు, వేసవి మధ్యాహ్నములందును చలికాలపు రాత్రులందును కాపలాదారులు పట్టాల వెంట నడచుటయు ఈ దాగిన బలమునకు వెరచియే.

అతుకు పూర్తిగా అంతరించెనని యనుకొనరాదు. 1872లో అమెరికాలో విలియం రాబిన్సన్ కనిపెట్టిన ట్రాక్ సర్క్యూట్ ప్రకారము పట్టాలలో స్వల్ప విద్యుత్తు ప్రవహించుచుండగా, బండి చక్రములు ఆ ప్రవాహమును మధ్యలోనే కలిపివేసి తమ యునికిని సిగ్నలుకు తెలుపును. ఒక భాగపు విద్యుత్తు మరియొక భాగములోనికి పోకుండుటకు పట్టాల నడుమ విద్యున్నిరోధక పదార్థముతో అతుకు వేయుట సామాన్యము. అనగా ఒకనాడు ఎండకొరకు విడిచిన సందు నేడు సిగ్నలుకొరకు నిలిచియున్నది. 2017 నవంబరులో ఆరంభమై అమీర్‌పేట, బేగంపేటల మీదుగా ఆకాశమార్గమున పోవు మెట్రోలో కంకర లేదు. పట్టాలను కాంక్రీటునకే బిగించిరి. కాని వంతెన సైతము ఎండకు సాగును గనుక, దాని కదలికకును పట్టా కదలికకును పొత్తు కుదుర్చుట అచ్చటి ఇంజనీర్లకు వేరొక సమస్య.

బేగంపేట, అమీర్‌పేట వాసులకు నా విన్నపము. తొందరపడి పట్టాలు దాటువారు తమ ప్రాణమునకు తెచ్చుకొను అపాయము అందరెరిగినదే. ఎరుగనిది మరియొకటి కలదు. నిత్యము జనులు త్రొక్కి చేసిన కాలిబాటల వెంట స్లీపర్ల కొనలనున్న కంకర జారిపోవును. ఎండాకాలమున ఆ 56 టన్నుల ఒత్తిడిని ఆపవలసినది ఆ కంకరయే. దానిని కదపకుడు, ఇంటిపనులకు తీసికొనిపోకుడు, పాదచారుల వంతెననే వాడుడు. పట్టా విరిగినట్లు గాని, వంకరపోయినట్లు గాని కనబడిన తక్షణమే దగ్గరి స్టేషనుకు గాని, 139 నంబరుకు గాని తెలుపుడు.