చెవి పోటు అనుకున్నా.. అసలు గొడవ దవడది!

ఈరోజు ఎపిసోడ్ చెవి పోటు గురించి. కానీ ఎక్కువసేపు దవడ గురించే మాట్లాడతాను. ఎందుకో మీకే అర్థమవుతుంది.

నేను సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు, ఒక రిలీజ్ టైంలో కుడి చెవి పోటు మొదలైంది. చెవి దిబ్బడ వేసినట్టు ఉండేది. రాత్రి పడుకుంటే సన్నగా గుయ్‌మని శబ్దం. అమ్మ వెల్లుల్లి వేసి కాచిన నూనె పోసింది. నేను మెడికల్ షాపులో అడిగి డ్రాప్స్ తెచ్చుకున్నాను. రెండు నెలలైనా తగ్గలేదు. వినికిడి పోతుందేమోనని భయం పట్టుకుంది.

చివరికి ఈఎన్‌టీ డాక్టర్ చెవి చూసి, వినికిడి పరీక్ష చేయించి, "చెవి బాగానే ఉంది బాబూ. పొద్దున లేచేసరికి దవడ పట్టేసినట్టు ఉంటుందా?" అని అడిగారు. ఉంటుంది! ఆవలిస్తే టక్‌మని చప్పుడు కూడా వస్తుంది. రాత్రిళ్ళు పళ్ళు కొరుకుతున్నానని అప్పుడే తెలిసింది.

ఇప్పుడు మీరు చెవి రంధ్రానికి కాస్త ముందు వేలు పెట్టి నోరు తెరిచి మూయండి. కదులుతోంది కదా? అదే దవడ కీలు, టీఎంజే. ఈ కీలు నుంచీ, చెవి ముందు భాగం నుంచీ నొప్పి కబురు మోసేది ట్రైజెమినల్ అనే నరంలోని ఒకే కొమ్మ. అందుకే కీలు నొప్పిని మెదడు చెవి నొప్పిగా పొరబడుతుంది. బగ్ ఒకచోట, ఎర్రర్ ఇంకోచోట అన్నమాట! కర్ణభేరిని బిగించే చిన్న కండరం కూడా ఇదే నరం కిందే పనిచేస్తుంది. దిబ్బడ, హోరు రావడానికి అదొక కారణం కావచ్చంటారు.

ఇది కొత్త విషయం కాదు. అమెరికాలో జేమ్స్ కోస్టెన్ అనే ఈఎన్‌టీ డాక్టర్ 1934లోనే ఈ లక్షణాలన్నీ కలిపి రాశారు. ఆయన చెప్పిన కారణం తర్వాత నిలబడలేదు, చెవికీ దవడకీ ఉన్న లింకు మాత్రం నిలిచింది.

మరి చికిత్స? చాలామందికి ఆపరేషన్ అక్కర్లేదు. పెదాలు కలిసి ఉండాలి, పళ్ళు మాత్రం తగలకూడదు. ల్యాప్‌టాప్ ముందు ఇది గుర్తుపెట్టుకోండి. కొన్ని వారాలు చెగోడీలు, చెరకు, చూయింగ్ గమ్ బంద్. ఇడ్లీ, పప్పన్నం, పెరుగన్నం తినండి. దవడకు వేడి కాపడం పెట్టండి. ఫిజియోథెరపిస్ట్ దవడ వ్యాయామాలు నేర్పుతారు. రాత్రి పళ్ళు కొరికేవాళ్ళకి డెంటిస్ట్ కొలత తీసి నైట్ గార్డ్ చేసిస్తారు. అది పళ్ళు అరగకుండా కాపాడుతుంది, కొరికే అలవాటును మాన్పించకపోవచ్చు. దీని కోసమే పళ్ళు అరగదీయాలని ఎవరైనా అంటే తొందరపడకండి, ఇంకో డాక్టర్‌ని కూడా అడగండి.

నా సంగతి నిజం చెప్తాను. నొప్పి పోయింది. శబ్దం బాగా తగ్గింది గానీ, నిద్ర చాలని రోజుల్లో ఇప్పటికీ వినిపిస్తుంది.

ఒక్క జాగ్రత్త. ఈ వీడియో చూసి నాదీ దవడే అని మీరే తేల్చేసుకోవద్దు. ముందు చెవి చూపించుకోండి. చీము కారినా, కళ్ళు తిరిగినా, మూతి వంకర పోయినా, ఉన్నట్టుండి వినికిడి తగ్గినా అదే రోజు ఈఎన్‌టీ దగ్గరికి వెళ్ళండి. తెలియకుండా చెవిలో నూనె మాత్రం పోయకండి. మా అమ్మకి కూడా ఇదే చెప్పాను!

ఉంటాను మరి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.