29 పేర్ల పాట

నాకు ఇంగ్లీషు అంతంత మాత్రమే. పాటల ఇంగ్లీషు అయితే ఇంకా తక్కువ సమజయితది. కానీ స్టీవ్ ఎర్ల్ పాడిన 'ఇట్స్ అబౌట్ బ్లడ్' ఆఖర్ల ఏం జరుగుతున్నదో తెల్వడానికి ఇంగ్లీషు అక్కర లేదు. ఆయన పేర్లు సదువుతడు. ఒకదానెనుక ఒకటి, గొంతు పగిలేటట్టు, 29 పేర్లు. మా దిక్కు సంస్మరణ సభల్ల ఒక్కో పేరు పిలుస్తుంటే కింద కూసున్నోళ్లు జోహార్ అంటరు సూడుండ్రి, నా నోట్లకెళ్లి ఆ మాటే ఎల్లింది.

ఆ 29 మంది బొగ్గుబాయి కార్మికులు. 2010 ఏప్రిల్ 5న అమెరికాల వెస్ట్ వర్జీనియా రాష్ట్రంల అప్పర్ బిగ్ బ్రాంచ్ అనే బాయి పేలింది. బొగ్గు కోసే మిషన్ పండ్లు అరిగినయి, నీళ్లు చల్లే స్ప్రేలు సక్కగ లేవు, మీథేన్ అంటుకున్నది. గాలి ఆడేటట్టు చేసి, రాతిపొడి చల్లి ఉంచితే అంత దూరం పోకపోవు. పేరుకపోయిన బొగ్గు దుమ్ము మంటను బాయంతా తిప్పింది. అది యూనియన్ లేని బాయి. మాసీ ఎనర్జీ కంపెనీ పెద్ద డాన్ బ్లాంకెన్‌షిప్‌కు ఆఖరికి పడ్డ శిక్ష ఒక్క ఏడాది జైలు. 29 మందికి ఒక్క ఏడాది, లెక్క మీరే వేసుకోండ్రి.

ఇగ ఈ ఎర్ల్ ఎవలు? 1955ల పుట్టిండు, టెక్సాస్‌ల పెరిగిండు. ఇస్కూలు నడుమల్నే ఇడిసిపెట్టిండు (ఈ ముచ్చట సదివినంక నాకు మనిషి ఇంకింత దగ్గరైండు). టౌన్స్ వాన్ జాంట్ అనే పాటగాన్ని గురువు లెక్క పట్టుకోని ఎనుక తిరిగి నేర్సుకున్నడు. 1986ల 'గిటార్ టౌన్' ఆల్బంతోని కంట్రీ పాటల లిస్టుల మొదటి జాగల నిలిచిండు.

కంట్రీ అంటే అమెరికా పల్లె పాట. కానీ నాష్‌విల్ పట్నంల అది ఎప్పుడో ఫ్యాక్టరీ సరుకైంది. నున్నగ చెక్కి, రేడియోకు ఏది నడుస్తదో అదే తయారు చేస్తరు. దానికి ఎదురు తిరిగినోళ్ల పాటనే ఆల్ట్ కంట్రీ, అంటే ప్రత్యామ్నాయ కంట్రీ అంటున్నరు. వాయిద్యాలు అవే: బాంజో, మాండలిన్, ఫిడేలు. వాటికి రాక్ పాటల రోషం కలిపిండ్రు. 1988 నాటి 'కాపర్‌హెడ్ రోడ్' ఇంటే తెలుస్తది. మాండలిన్ సన్నగ మొదలైతది, పోను పోను డ్రమ్ములు వచ్చి మీద పడుతయి. కథ ఏంది? దొంగసారా కాసిన తాత, వియత్నాం యుద్ధానికి పోయివచ్చి గంజాయి పండించే మనుమడు. సర్కారు కొట్టే దెబ్బ తరం మారినా అదే ఇంటి మీద పడుతది.

ఎర్ల్ గొంతు తియ్యటిది కాదు. గరుకు. హెరాయిన్‌కు బానిసై బతుకు ఆగం చేసుకున్నడు, 1994ల జైలుకు పోయిండు. బయటికొచ్చి 1995ల 'ట్రెయిన్ ఎ కమిన్' అని వాయిద్యాలకు కరెంటు పెట్టకుంట చేసిండు. నాకైతే ఆయన అసలు పని అక్కడి సందే మొదలైంది. ఉరిశిక్షకు ఎదురు నిలిచిండు. 1998ల టెక్సాస్ జైల్ల ఒక ఖైదీకి మరణశిక్ష అమలు చేస్తుంటే కండ్లార సూసి, ఆ మనిషి మీద పాట కట్టిండు. 2002ల తాలిబాన్లల్ల కలిసి పట్టుబడ్డ అమెరికా పిల్లగాడు జాన్ వాకర్ లిండ్ మనసుల కూసోని ఒక పాట రాస్తే, దేశద్రోహి అని తిట్టినోళ్లు మస్తుమంది.

మళ్ల బొగ్గు దగ్గరికొద్దాం. జెస్సికా బ్లాంక్, ఎరిక్ జెన్సెన్ అనే ఇద్దరు, ఆ బాయిల బతికి బయటపడ్డోళ్లతోని, సచ్చినోళ్ల ఇంటోళ్లతోని మాట్లాడి, వాళ్ల మాటలతోనే 'కోల్ కంట్రీ' అనే నాటకం రాసిండ్రు. ఎర్ల్ దానికి పాటలు కట్టి, గిటార్ పట్టుకోని స్టేజీ మీదనే ఉంటడు. 2020 మార్చిల న్యూయార్క్‌ల మొదలైన ఆట కరోనాతోని ఆగింది. అవే పాటలు మేల 'గోస్ట్స్ ఆఫ్ వెస్ట్ వర్జీనియా' ఆల్బంల వచ్చినయి.

నన్ను కుదురుగ ఉండనియ్యనిది ఇదే. ఎర్ల్ సోషలిస్టునని బాజాప్త చెప్పుకుంటడు. వెస్ట్ వర్జీనియా 2016ల ట్రంప్‌కు మూడింట రెండు వంతుల కంటే ఎక్కువ ఓట్లు వేసిన రాష్ట్రం. నా లెక్క ఓటెయ్యనోళ్లతోని మాట్లాడుదామనే ఈ ఆల్బం చేసిన అన్నడు. అందుకే పాటల్ల ట్రంప్‌ను తిట్టడు, వాళ్లకు తెలివి చెప్పడు. బొగ్గు దుమ్ముకు ఊపిరితిత్తులు పాడైన మనిషి, మొగుడు పోయిన ఆడిమనిషి, ఒకప్పుడు ఉండె గద అని యూనియన్ను యాది చేసుకునే ముసలాయన, వాళ్లే మాట్లాడుతరు. నేను ఇరవై ఏండ్ల సంది సభల్ల తిరుగుతున్న. మా పాటకు సప్పట్లు కొట్టేటోళ్లు మా వాళ్లే. అవతలి జెండా పట్టుకున్న కూలోని ముంగట కూసోని నేను ఎన్నిసార్లు పాడిన్నో ఏండ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఆ ఆల్బం వచ్చిన మూడు నెలలకే ఎర్ల్ కొడుకు జస్టిన్ టౌన్స్ ఎర్ల్ సచ్చిపోయిండు. 38 ఏండ్లు. వాడూ పాటగాడే, గురువు పేరు కలిపి పెట్టుకున్న కొడుకు. 2021 జనవరి 4న, కొడుకు పుట్టినరోజు నాడు, ఎర్ల్ వాని పాటలు పది పాడి 'జె.టి.' అని తెచ్చిండు. పదకొండోది తండ్రి రాసింది.