పదమూడు చింతపిక్కల లెక్క

ఆ మధ్య ఒక శనివారం పొద్దున్నే మా వీధి చివరింటి ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. "అన్నా, మా పాప ఈ రెండు రోజులూ హంగరీ అట. పదో తరగతి పిల్ల లెక్కల ట్యూషన్ మానేసి హంగరీ అవ్వాలా?" అని అడిగింది. వెనకాలే ఆ పిల్ల, చేతిలో దేశం పేరు రాసిన అట్టముక్క. మా చెన్నై వాషర్‌మెన్‌పేట్‌లో ఇలాంటి అట్టముక్కలు ఇళ్లలోకి వస్తున్నాయంటే మంచిదే. కాకపోతే అవి ఎందుకో పెద్దవాళ్లకు ఎవరూ చెప్పడం లేదు.

పిల్ల వెళ్తున్నది 'మోడల్ యూఎన్'కి, అంటే ఐక్యరాజ్యసమితి సభను అనుకరిస్తూ పిల్లలు జరిపే సభకి. అసలు సమితిలో 193 సభ్యదేశాలుంటాయి. ఇక్కడ ఒక్కో పిల్లకి ఒక్కో దేశం ఇస్తారు. ఆ దేశం ఏమంటుందో అదే ఈ పిల్ల అనాలి. మాట్లాడటానికి దొరికేది మహా అయితే నిమిషం, నిమిషంన్నర. చివర అందరూ కలిసి ఒక తీర్మానం రాసి ఓటు వేస్తారు. ఈసారి అంశం శరణార్థులు.

తల్లి సందేహం సరైనదే: "నమ్మని మాట ఎందుకు మాట్లాడించాలి?" హంగరీనే చూద్దాం. 2018 డిసెంబర్ 17న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో శరణార్థుల ఒడంబడికపై ఓటు జరిగింది. శరణార్థులకు చోటిచ్చే దేశాల బరువును మిగతా దేశాలూ ఎలా పంచుకోవాలో చెప్పే కాగితం అది. చట్టంలా కట్టిపడేసేది కాదు. అనుకూలంగా 181 ఓట్లు, వ్యతిరేకంగా రెండే రెండు. ఒకటి అమెరికా, రెండోది హంగరీ. అంటే మన పిల్ల ఆ హాల్లో దాదాపు అందరికీ ఎదురు నిలబడాలి.

అక్కడితో అయిపోలేదు. 1956లో సోవియట్ సేనలు దిగినప్పుడు హంగరీ నుంచే సుమారు 2 లక్షల మంది పారిపోయారు. వాళ్లలో ఎక్కువ మంది పక్కనున్న ఆస్ట్రియాలోకి వెళ్లారు. "అప్పుడు మీవాళ్లకు తలుపు తీశారు కదా, ఇప్పుడు మీరెందుకు మూస్తున్నారు?" అని ఆస్ట్రియా అట్ట పట్టుకున్న కుర్రాడు అడగక మానడు. జవాబు ముందే ఆలోచించుకోవాలి. దౌత్యం అనే పెద్ద మాటకు నా లెక్కలో మొదటి పాఠం ఇదే: ఎదుటివాడు నొక్కబోయే పుండు ఎక్కడుందో నీకు ముందే తెలిసుండాలి. డిబేట్‌లో దాన్ని దాచేస్తారు. ఇక్కడ దాచడం కుదరదు, ఎందుకంటే సాయంత్రానికి ఆ ఆస్ట్రియా కుర్రాడి ఓటు కూడా కావాలి.

సరే, శరణార్థి అంటే ఎవరు? మా ఎం.సి. రోడ్డు బట్టల కొట్లలో పనికి వేరే రాష్ట్రం నుంచి వచ్చిన కుర్రాడు వలస వచ్చినవాడు. కష్టం ఎంతున్నా పండగకి రైలెక్కి ఊరెళ్లగలడు. ఊరికి తిరిగి వెళ్తే ప్రాణానికి ముప్పుండి, అందుకే దేశం దాటి వచ్చినవాడు శరణార్థి. తేడా అంతా ఆ తిరుగు టికెట్టులో ఉంది. 1951 నాటి శరణార్థుల ఒప్పందంలో 33వ ఆర్టికల్ చెప్పేదీ అదే: ముప్పున్న చోటికి మనిషిని వెనక్కి నెట్టకూడదు.

ఇప్పుడు అంకెలు. 2024 చివరికి ప్రపంచంలో ఇల్లూ ఊరూ బలవంతంగా వదిలినవాళ్లు 12.32 కోట్లు. కోట్లంటే మనసుకు అందవు, కాబట్టి ఇలా చూడండి: భూమ్మీద ప్రతి 67 మందిలో ఒకరు. స్కూల్లో రెండు సెక్షన్లు కలిపితే 67 మంది అవుతారు, వాళ్లలో ఒక బెంచీ చివర ఆ ఒక్కరు. ఇంకో సంగతి పిల్లలకే కాదు, టీవీ చూసే పెద్దలకూ తెలియదు. ఈ నిర్వాసితుల్లో పది మందికి ఆరుగురు సొంత దేశం సరిహద్దే దాటలేదు. దాటినవాళ్లలో మూడింట రెండు వంతుల మంది ఆగింది పక్క దేశంలోనే. 'అందరూ డబ్బున్న దేశాలకే పోతున్నారు' అనే వాదన హాల్లో ఎవరైనా తెస్తే ఈ రెండు వాక్యాలు చాలు.

"మరి మన దగ్గర?" అంది ఆవిడ. మన దగ్గరంటే ఎంతో దూరం కాదు, ఉత్తరాన పుళల్, ఇంకాస్త పైకి గుమ్మిడిపూండి. రెండు చోట్లా శ్రీలంక తమిళుల శిబిరాలున్నాయి. శ్రీలంకలో తమిళులపై 1983 జూలైలో జరిగిన అల్లర్ల నుంచి తమిళనాడుకు వచ్చినవాళ్లు మొత్తం 3 లక్షల పైచిలుకు. చాలామంది తిరిగి వెళ్లారు. 2021లో రాష్ట్ర ప్రభుత్వం చెప్పిన లెక్కలో 108 శిబిరాల్లో సుమారు 58,800 మంది, శిబిరాల బయట మరో 34 వేల మంది ఉన్నారు. రెండూ కలిపి 2011 జనాభాతో పోల్చితే రాష్ట్రంలో దాదాపు 780 మందికి ఒకరు. ఒక శిబిరానికి సగటున 545 మంది, ఓ మాదిరి స్కూలంత.

వాళ్లకిచ్చే సాయం సంగతీ ఇలాగే విప్పి చూడాలి. 2021 ఆగస్టులో ముఖ్యమంత్రి అసెంబ్లీలో 317 కోట్ల రూపాయల పథకం ప్రకటించారు. అందులో పాడైన 7,469 ఇళ్లు తిరిగి కట్టడానికి 231 కోట్లు, అంటే ఇంటికి 3 లక్షల చిల్లర. నెలసరి సాయం కుటుంబ పెద్దకు 1,500, మిగతా పెద్దవాళ్లకు 1,000, పన్నెండేళ్లలోపు పిల్లలకు 500. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలున్న ఇంటికి నెలకు 3,500. రోజుకు, మనిషికి 29 రూపాయలు. ఈ ధరల్లో రెండు టీలు. బియ్యం వేరే ఇస్తారు, కూలికి పోయి సంపాదించుకునేదీ ఉంటుంది. అయినా సభలో ఎవరైనా 'తగిన సాయం' అని తీర్మానంలో రాయబోతే, 'తగిన అంటే రోజుకు ఎంత?' అని అడగడం మా హంగరీకి నేర్పాను. ఆ ప్రశ్న హంగరీ అడగదగ్గదే!

ఇక నాకు ఇష్టమైన లెక్క. దీనికి హాలు అక్కర్లేదు, పదమూడు చింతపిక్కలు చాలు.

బ్రిటిష్ కాలంలో మద్రాసు వైపు నుంచి సిలోన్ (ఇప్పటి శ్రీలంక) తేయాకు తోటలకు కూలీలు వెళ్లారు. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో సిలోన్ చేసిన పౌరసత్వ చట్టంతో వాళ్లలో అత్యధికులు ఏ దేశానికీ చెందని మనుషులయ్యారు. 1964 అక్టోబర్ 30న భారత ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి, సిలోన్ ప్రధాని సిరిమావో బండారనాయకే ఒక ఒప్పందం చేసుకున్నారు. తేల్చవలసిన మనుషులు 9,75,000 మంది. అందులో 5,25,000 మందిని భారత్ తీసుకుంటుంది, 3,00,000 మందికి సిలోన్ పౌరసత్వం ఇస్తుంది, మిగిలిన 1,50,000 మంది సంగతి తర్వాత చూద్దాం. వీటన్నిటినీ 75 వేలతో భాగించండి. శేషం లేకుండా 13, అందులో 7, 4, 2 వస్తాయి.

పిల్ల గచ్చు మీద పిక్కలు పరిచింది. ఏడు ఇటు, నాలుగు అటు. రెండు మధ్యలో ఉండిపోయాయి. ఆ రెండూ పదేళ్లు అలాగే ఉన్నాయి. 1974లో ఇందిరాగాంధీ, సిరిమావో కూర్చుని ఇటొకటి, అటొకటి పంచుకున్నారు. ఎనిమిది, అయిదు.

"మావయ్యా, పిక్కల్ని ఎవరూ అడగలేదా?" అంది పిల్ల.

అడగలేదు. తోట కూలీల నాయకుడు తొండమాన్ ఆ ఒప్పందాన్ని వ్యతిరేకించాడు, అయినా సంతకాలు ఆగలేదు. కాగితం మీద ఇంత శుభ్రంగా తెగిన లెక్క మనుషుల మీద అలా తెగలేదు. దశాబ్దాలు సాగింది. మిగిలిపోయినవాళ్లకు శ్రీలంక 2003లో ప్రత్యేక చట్టం చేసి పౌరసత్వం ఇచ్చింది. దౌత్యం మంచిదా చెడ్డదా అనే ప్రశ్నకు ఈ పిక్కలు రెండు వైపులా సాక్ష్యం చెబుతాయి. ఒప్పందమే లేకపోతే పదమూడూ గాల్లోనే ఉండేవి. ఉండటం వల్ల పదమూడిటి తరఫున ఇద్దరే మాట్లాడారు.

అదే 1964లో ఇంకో దారిన మనవాళ్లూ వచ్చారు. బర్మాలో సైనిక ప్రభుత్వం దుకాణాలు జాతీయం చేసి, మే నెలలో 50, 100 క్యాట్ నోట్లు రద్దు చేసింది. తరాలుగా అక్కడున్న తెలుగువాళ్లూ తమిళులూ ఓడలెక్కారు. విశాఖలో బర్మా క్యాంప్ పేరు, చెన్నై బీచ్ స్టేషన్ ఎదుట బర్మా బజార్ పేరు అలా వచ్చినవే. సాయంత్రం తోపుడు బండి దగ్గర అత్తో తినే మా కుర్రాళ్లకు ఆ నూడుల్స్ ఏ ఓడలో వచ్చాయో ఒకసారి చెబితే, శరణార్థుల అంశం ఐరోపాది మాత్రమే అన్న భ్రమ పోతుంది.

ఇంతవరకు దౌత్యం. సభ పేరుతో పాటు వినబడే రెండో మాట 'అడ్వొకసీ'. మామూలు మాటల్లో, ఒకరి తరఫున వెళ్లి నిర్ణయం చేసేవాళ్లను కదిలించడం. పిల్లలు ఎక్కువగా తప్పేది ఇక్కడే: మాట బాగుంటుంది, తట్టే తలుపు తప్పు. ఒక ఉదాహరణ చెబుతాను. మన చట్టం ప్రకారం 1950 జనవరి 26 నుంచి 1987 జూన్ 30 వరకు ఈ గడ్డ మీద పుట్టినవాళ్లు, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, పుట్టుకతోనే పౌరులు. జూలై 1 నుంచి తల్లిదండ్రుల్లో ఒకరైనా పౌరులై ఉండాలి. 2004 డిసెంబర్ నుంచి షరతు ఇంకా బిగిసింది. శిబిరంలో జూన్ 30 రాత్రి పుట్టిన బిడ్డ భారతీయురాలు. మర్నాడు పక్క గదిలో శరణార్థి దంపతులకే పుట్టిన బిడ్డ కాదు. ఈ తేదీ మార్చమని కలెక్టరుకు అర్జీ పెడితే ఆయన చేయగలిగింది ఏమీ లేదు, అది పార్లమెంటు పని. శిబిరంలో కప్పు కారుతుంటే ఢిల్లీకి రాయడం దండగ, అది రాష్ట్రంలో పునరావాస కమిషనరేట్ పని. స్కూల్లో సీటంటే ముందు హెడ్మాస్టర్.

మా పేటకు ఈ తలుపుల సంగతి బాగా తెలుసు. 2020 ఫిబ్రవరి 14న పౌరసత్వ సవరణ చట్టానికి వ్యతిరేకంగా పాత వాషర్‌మెన్‌పేట్‌లో కూర్చున్నవాళ్లపై లాఠీఛార్జి జరిగింది. ఆ తర్వాతా వారాల తరబడి కూర్చున్నారు. ఆ చట్టం పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఆఫ్ఘనిస్తాన్ నుంచి వచ్చిన ఆరు మతాలవాళ్లకు దారి తెరిచింది. అందులో ముస్లింలు లేరు, శ్రీలంక పేరూ లేదు. 2021 సెప్టెంబర్‌లో తమిళనాడు అసెంబ్లీ దాన్ని వెనక్కి తీసుకోమని తీర్మానం చేసింది. చట్టం మాత్రం అలాగే ఉంది, ఎందుకంటే పౌరసత్వం కేంద్రం చేతిలో ఉన్న విషయం. తీర్మానం వ్యర్థమని నేననను. తీర్మానానికీ చట్టానికీ మధ్య దూరం ఎంతో పదిహేనేళ్ల పిల్లలకు తెలిసుండాలంటాను.

చివరి సందేహం పిల్లదే: "ఇండియా 1951 ఒప్పందం మీద సంతకమే పెట్టలేదంట, మరి మనకేం హక్కు?" నిజమే, పెట్టలేదు. కానీ ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ కార్యనిర్వాహక సంఘంలో 1995 నుంచి మనం సభ్యులం. ఆ సంస్థకు చెన్నైలో ఆఫీసు కూడా ఉంది. మన దగ్గర శరణార్థులకంటూ విడి చట్టం లేదు, ప్రభుత్వ ఉత్తర్వులతో పని నడుస్తుంది. 2015 జనవరి 9 వరకు వచ్చి నమోదైన శ్రీలంక తమిళులు కాగితాలు లేవన్న కారణంగా శిక్షకు గురికాకుండా 2025లో ఇచ్చిన మినహాయింపు కూడా అలాంటి ఉత్తర్వే. ఉత్తర్వు ఇవ్వడం సులువు, తీసేయడమూ సులువు.

పిల్ల ఆదివారం రాత్రి వచ్చింది. తీర్మానంలో ఒక చోట 'చేయాలి' అన్నదాన్ని 'చేయవలసిందిగా కోరుతున్నాం' అని మార్పించిందట. అందుకు ఆస్ట్రియాతో భోజనాల దగ్గర అరగంట మాట్లాడిందట. మెత్తబడ్డ ఆ మాట కింద పదకొండు దేశాలు కొత్తగా సంతకం పెట్టాయి. "అది గెలుపా, ఓటమా?" అని వాళ్లమ్మ నన్నడిగింది. ఇంకా తేల్చుకోలేదన్నాను.

మోడల్ యూఎన్‌కి ఫీజుంటుంది, కోటు కావాలి, ఇంగ్లీషు కావాలి. మా వీధిలో సగం మంది పిల్లలకు ఈ మూడూ లేవు. ఆ వారం నుంచి మన హంగరీ పిల్ల ఇంటి అరుగు మీద పిక్కల ఆట తెలుగు, తమిళం కలిపి నడుస్తోంది. ఏడో తరగతి తమ్ముడు సిలోన్, అక్క భారత్. మధ్యలో మిగిలిన రెండు పిక్కల తరఫున మాట్లాడే పని వాళ్లమ్మ తీసుకుంది. మొన్న సాయంత్రం చూస్తే ఇంకా ఒప్పందం కుదరలేదు, పొయ్యి మీద పప్పు మాడుతోంది.